శైలేందర్ సకినాలు

ఆదాయపు పన్ను అనేది కామారెడ్డి బట్టల షాపుల సేట్లకు, రైసుమిల్లుల వాళ్ళకు ఉండే తలనొప్పి అని, తమలాంటి వాళ్ళ గడప తొక్కదని ప్రవళిక నమ్మకం. ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఎల్లారెడ్డిలో రెండు గదుల రేకుల ఇంట్లో సకినాలు నూనెలో కాల్చి, ఫోన్ మీద అమ్ముకునే మనిషిని పిలిచి "అమ్మా, నీ సంపాదన ఎంత, ఎవరి పేరు మీద చూపించావు" అని అడిగే తీరిక సర్కారుకు ఉంటుందని ఎవరనుకుంటారు? ఉంటుంది. ఇలాంటి వాటికి సర్కారుకు ఎక్కడ లేని తీరిక.

మొదలైంది మాత్రం మామూలుగానే. పెళ్ళయిన నాటి నుంచి ప్రవళిక అత్త పోచవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. భర్త శైలేందర్ ఎల్లారెడ్డి, లింగంపేటల మధ్య షేర్ ఆటో నడిపేవాడు. కిస్తీలు పోను చేతికి మిగిలేది చాలక, ఒక ఏడు మస్కట్‌కు వీసా తెచ్చుకుని, ఆటో అమ్మేసి విమానం ఎక్కాడు. రెండేళ్ళలో వచ్చేస్తానన్నాడు. గల్ఫ్ పోయే ప్రతివాడూ రెండేళ్ళనే అంటాడు. వీసా కాగితం మీదే ఆ మాట అచ్చువేసి ఇస్తారేమో తెలియదు.

ఆటో కొన్నవాడికి తాళంచెవి ఇచ్చే ముందు శైలేందర్ అద్దానికి ఉన్న క్యూఆర్ స్టిక్కర్‌ను గోటితో మెల్లగా లేపి తీశాడు. ఆటో ఎక్కిన సవారీలు కిరాయి పంపేది దానికే. తన ఖాతాది కదా, పరాయివాడి బండి మీద వదిలేస్తే ఎలా? దాన్ని తెచ్చి వంటింటి గోడకు అంటించి, "ఉండనీ, ఎప్పుడన్న పనికొస్తది" అన్నాడు. దసరాకు ఆటోకు పూజ చేసినప్పుడు పెట్టిన పసుపు మరక ఒకటి దాని మూలకు అలాగే ఉండిపోయింది.

అతను వెళ్ళిన కొన్నాళ్ళకు పక్కింటి చంద్రవ్వ కూతురి ఒడిబియ్యానికి సకినాలు చేయాల్సి వచ్చింది. బీడీలు చుట్టిన వేళ్ళకు సకినం చుట్టడం ఒక పనా? పిండిని రెండు వేళ్ళ మధ్య మెలిపెడుతూ బట్ట మీద ఒకదానిలో ఒకటి నాలుగు చుట్లు తిప్పుతుంటే చూస్తున్న ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఒకామె ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టింది. మర్నాడు హైదరాబాదు నుంచి ఎవరో ఫోన్ చేసి, రెండు కిలోలు కావాలి, డబ్బులు ఎట్లా పంపమంటారని అడిగారు. ప్రవళిక అటూ ఇటూ చూసి, గోడ మీది స్టిక్కర్‌ను ఫోటో తీసి పంపింది.

తప్పంటూ జరిగితే అది అప్పుడు జరిగింది. ఆమెకు సొంత ఖాతా లేక కాదు. బీడీ కంపెనీ పైసలు పడే ఖాతా ఒకటుంది. కానీ దాన్ని వ్యాపారానికి వాడాలన్న ఆలోచనే రాలేదు. ఇంటి మగవాడి ఖాతా గోడ మీద కనిపిస్తుంటే ఇంకోటి వెతుక్కోవడం ఎందుకు? ఎల్లారెడ్డిలో ఏ ఇల్లాలిని అడిగినా ఇదే అంటుంది.

ఆర్డర్లు పెరిగాయి. నిజామాబాదు, కరీంనగర్, సిద్దిపేట. డబ్బు పంపగానే అవతలివాళ్ళ ఫోన్‌లో శైలేందర్ అని పేరు కనబడేది. దాంతో వాళ్ళే "శైలేందర్ సకినాలు" అని పేరు పెట్టేశారు. "శైలేందర్ గారూ, మీ చేతిలో ఏదో మహత్తు ఉందండీ" అని మెసేజ్‌లు. కోడిగుడ్డు ఉడకబెట్టడం కూడా రాని శైలేందర్ ఆ మాటలు విని మస్కట్ గదిలో పడి పడి నవ్వేవాడట. ప్రవళిక ఎవరినీ సరిదిద్దలేదు. రోజంతా తన మొగుడి పేరు ఎవరో ఒకరు పలుకుతుంటే ఆమెకు బాగుండేది, అంతే.

అంతకంటే బాగుండేది ఇంకొకటి ఉంది. ఖాతాకు కలిపిన సిమ్ శైలేందర్ వెంట మస్కట్ వెళ్ళింది. ఏటీఎం కార్డు ఇక్కడ, సిమ్ అక్కడ. ఎల్లారెడ్డిలో ఆర్డర్ ఖాయమైతే మస్కట్‌లో ఫర్నిచర్ గోదాములో పనిచేస్తున్న అతని జేబులో ఫోన్ మోగేది. మధ్యాహ్నం తిండి విరామంలో అతను ఫోన్ చేసేవాడు.

"కరీంనగరోళ్ళు మల్ల ఏసిన్రు. వాళ్ళింట్ల ఏమన్న పెండ్లా?"

"పెండ్లి కాదు, బిడ్డను అత్తగారింటికి తోలుతున్రు."

"గట్లనా. నువ్వులు జెర ఎక్కువ ఎయ్యి. పోయినసారి తక్కువైనయన్నరు గదా."

ఈ మాటల విలువ గల్ఫ్ మనుషుల ఇళ్ళలో ఉన్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మొదటి ఏడు ఫోన్‌లో ఎన్ని మాటలో. రెండో ఏటికి తిన్నావా, తిన్నా, పాప బడికి పోయిందా, పోయింది. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ పట్టుకుని ఊరుకోవడమే. ప్రేమ తగ్గి కాదు. చెప్పుకోవడానికి కలిసి బతికిన రోజు ఒక్కటీ ఉండదు మరి. ఈ సకినాలు వచ్చి వాళ్ళిద్దరికీ మళ్ళీ ఒకే రోజును ఇచ్చాయి. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు డబ్బు పడిందన్న కబురు తనకంటే ముందు అతనికి చేరిందని తెలిస్తే, అతను గడప దగ్గర నిలబడి చూస్తున్నట్టే ఉండేది ప్రవళికకు.

అలాంటి ఫోన్‌కు ఆషాఢంలో ఒక వేరే మెసేజ్ వచ్చింది. ఆదాయపు పన్ను శాఖది. నీ ఖాతాలోకి ఏడాది పొడుగునా ఇంత డబ్బు వచ్చింది, నువ్వేమో రిటర్న్ దాఖలు చేయలేదు, సంగతేమిటో జవాబివ్వు అని దాని సారాంశం. శైలేందర్ దాన్ని గదిలో అందరికీ చూపించాడు. గల్ఫ్ గదుల్లో తెలియని విషయం ఉండదు; తెలిసింది నిజమయ్యేది మాత్రం తక్కువ. ఒకడు ఖాతా ఆపేస్తారన్నాడు. ఇంకొకడు ఏకంగా విమానాశ్రయంలోనే పట్టుకుంటారన్నాడు.

"ఏర్పోర్టుల పాస్‌పోర్టు చూడంగనే తెలుస్తదట," అన్నాడు శైలేందర్ ఫోన్‌లో, గొంతు తగ్గించి. "బతుకమ్మకు వద్దామని సెలవు అడిగిన గదా. ఇది తేలేదాక రాను ప్రవళీ. అడిగిన సెలవు వాపసు తీసుకుంట."

అతను వెళ్ళాక ఒక్కసారే వచ్చిపోయాడు. అది జరిగి మూడు బతుకమ్మలు దాటాయి. ఈసారి వస్తాడని ప్రవళిక పాప స్నిగ్ధకు చెప్పింది, చంద్రవ్వకు చెప్పింది, బీడీ కంపెనీ మనిషికి కూడా చెప్పింది. పన్ను సంగతి ఎవరికి కావాలి? అతను రావాలి.

"సర్కారోళ్ళకు మన సకినాలతోని ఏం పనే?" అని పోచవ్వ బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే కోపం చేసింది. "తినాలనుంటే పైసలిచ్చి తినుమను."

"తినేటందుకు కాదత్తమ్మా. లెక్క చెప్పాల్నట."

"చెప్పు మరి. దొంగతనం చేసినమా ఏంది?"

అత్త మాటలో ధైర్యం ఉంది కాబట్టి ప్రవళిక పొద్దున్నే కామారెడ్డి బస్సు ఎక్కింది. లింగంపేట దగ్గర షేర్ ఆటోలు వరుసగా నిలబడి ఉంటే అలవాటు ప్రకారం ఒక్కో అద్దం వంక చూసింది. కామారెడ్డిలో రైల్వే స్టేషన్ దారిలో మెట్లెక్కి వెళ్తే, చిన్న వ్యాపారాల పన్ను పనులు చూసే అనిల ఆఫీసు ఉంది. అనిల ముప్పై దాటని పిల్ల. చెవిలో పెన్ను, ఎదురుగా కంప్యూటర్. ప్రవళిక మొత్తం చెప్పేదాకా మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. ఆ తర్వాత నవ్వింది.

"గింత దానికి ఏర్పోర్టుల ఎవ్వరు పట్టుకోరక్కా. జవాబు ఇయ్యమన్నరు, ఇద్దాం. గానీ ముందు ఒకటి చెప్పు. సకినాలు చేసేది ఎవరు?"

"నేనే."

"అమ్మేది, పంపేది?"

"నేనే మేడం."

"మరి ఆయన పేరు మీద ఎందుకున్నది?"

గోడకు ఆ స్టిక్కర్ ఉంది కాబట్టి, అని ప్రవళిక ఎలా చెబుతుంది?

అనిల ఓపికగా విడమరిచి చెప్పింది. డబ్బు ఎవరి ఖాతాలో పడిందనేది కాదు, పని ఎవరిదైతే ఆదాయం వాళ్ళది. వాళ్ళే చూపించాలి. ఖర్చులు పోను మిగిలింది కాదు, అమ్మింది మొత్తం ముందు చూపించాలి. వాట్సాప్ మీద అమ్మినా, ఇన్‌స్టాగ్రామ్ మీద అమ్మినా అది దుకాణంలో అమ్మినట్టే. ఇంతటి చిన్న వ్యాపారాలకు ఖర్చులన్నీ ఏకరువు పెట్టే పని లేని ఒక తేలిక పద్ధతి ఉంది. ఆన్‌లైన్‌లో వచ్చిన దాంట్లో నూటికి ఆరుకు తగ్గకుండా, చేతికి నగదుగా వచ్చిన దాంట్లో నూటికి ఎనిమిదికి తగ్గకుండా లాభం చూపిస్తే సరిపోతుంది. నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే రాయాలి. ప్రవళిక సంపాదనకు పన్ను కట్టాల్సింది ఏమీ ఉండదు. కానీ చూపించాలి.

"గట్లయితే గా తేలిక పద్ధతిల ఆయన పేరు మీదనే చూపిద్దాం మేడం," అంది ప్రవళిక ఆశగా. "ఖాతా మార్చే పని ఉండది గదా."

అనిల చెవిలో పెన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"చెయ్యని పని ఆయన చేసిండని రాయలేం అక్కా. ఇంకోటి, ఆ పద్ధతి ఈడ ఉండేటోళ్ళకే. పోయిన లెక్కల ఏడాదిల ఆయన మన దేశంల ఎన్ని దినాలున్నడు?"

"రాలే."

"ఒక్క దినం గూడ?"

ప్రవళిక తల అడ్డంగా ఊపింది.

"అయితే చట్టం లెక్కల ఆయన ఈడి నివాసి కాదు."

ప్రవళికకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఇంత మెత్తగా మాట్లాడే పిల్ల మీద రావాల్సిన కోపం కాదు అది.

"గదేంది మేడం! ఆయన ఇల్లు ఈడనే ఉన్నది. రేషన్ కార్డుల పేరున్నది, ఓటున్నది. నేనున్న, ఆయన తల్లి ఉన్నది, బిడ్డ ఉన్నది. ఈడోడు కాకపోతే యాడోడు?"

"ఇల్లు లెక్కకు రాదక్కా," అంది అనిల, గొంతు ఇంకా తగ్గించి. "మనిషి ఉన్న దినాలే లెక్క."

ఇన్నేళ్ళలో ప్రవళికతో ఆ మాట ఎవరూ అనలేదు. రాత్రుళ్ళు తనకు తాను కూడా అనుకోలేదు. చుట్టాలంతా "ఏముంది, వస్తడు" అన్నవాళ్ళే. ఇక్కడ ఒక చట్టం ఉంది, దానికి మొహమాటం లేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అనిల కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, తొందర పెట్టలేదు.

శైలేందర్ తరఫున జవాబు పంపాలంటే అతని ఫోన్‌కు వచ్చే ఓటీపీ నంబరు కావాలి. ప్రవళిక ఫోన్ చేసింది. అతను గోదాములో ఎక్కడో నిలబడి, వెనక సామాను చప్పుళ్ళ మధ్య ఒక్కో అంకె చదివాడు. ఆమె ఒక్కో అంకె అనిలకు చెప్పింది. ఈ డబ్బు నా భార్య వ్యాపారానిది, ఆమె తన పేరు మీద చూపిస్తుంది అని జవాబు వెళ్ళిపోయింది. ఆ వెంటనే ప్రవళిక పేరు మీద రిటర్న్ దాఖలైంది. జన్మలో మొదటిసారి ఆమె పేరు పక్కన 'వ్యాపారం' అని పడింది.

"అయిపోయినట్టేనా?" అన్నాడు శైలేందర్ ఇంకా ఫోన్‌లోనే ఉండి.

"అయిపోయింది. గానీ ఇగ ఆర్డర్ల పైసలు నా ఖాతాల పడాల్నట. నీ ఖాతాను బయటి దేశంల ఉన్నోళ్ళ ఖాతా కింద మార్చాల్నట."

"అంటే నాకు మెసేజ్‌లు రావు."

"రావు."

"సరే తియ్యి. మంచిదే గదా. ఇగ భయం లేదు. బతుకమ్మకు వస్త."

ఆ చివరి మాటతో ప్రవళిక మిగతాదంతా మింగేసింది. అతని ఫోన్ మోగకపోతే ఏం, మనిషే వస్తున్నప్పుడు? దుకాణం పేరు మాత్రం శైలేందర్ సకినాలు అనే ఉంచుకోవచ్చా అని అనిలను అడిగింది. పేరు ఏది పెట్టుకున్నా నష్టం లేదని, ఖాతా, రిటర్న్ తన పేరు మీద ఉంటే చాలని అనిల చెప్పింది. ఎల్లారెడ్డికి తిరిగొచ్చి బ్యాంకులో తన బీడీ పైసల ఖాతాను ఫోన్‌కు కలిపించుకుంది. కొత్త స్టిక్కర్ తెచ్చి వంటింటి గోడకు, పాతదాని పక్కనే అంటించింది. పాతదాన్ని పీకలేదు. దాని ఫోటో ఇక ఎవరికీ పంపదు, గోడకు ఉంటే ఎవరి సొమ్ము పోయింది?

కొత్త ఖాతాలో మొదటి ఆర్డర్ పడినప్పుడు ఆమె చేతిలోని ఫోన్ మోగింది. పిండి చేత్తోనే తీసి చూసుకుంది. సిద్దిపేట వాళ్ళు. తన పేరు మీద తన కష్టం పడింది, సంతోషపడాల్సిన మాటే, కొంత పడింది కూడా. మధ్యాహ్నం శైలేందర్ ఫోన్ చేశాడు.

"ఇయ్యాల ఏం రాలేదా?"

"వచ్చినయి. సిద్దిపేటోళ్ళు."

"ఓ. నాకెట్ల తెలుస్తది."

తిన్నావా అని అతను అడిగాడు. తిన్నానని ఆమె చెప్పింది.

బతుకమ్మకు రాలేదు. సెలవు మంజూరై, టికెట్ చూసుకుంటున్నప్పుడు గోదాముకు ఏదో పెద్ద హోటల్ పని తగిలి అందరి సెలవులూ ఆపేశారు. అతని తప్పు లేదు. అతని తప్పు ఎప్పుడూ ఉండదు, అదే ఆమె బాధ. తిట్టుకోవడానికి మనిషి అయినా ఉండాలి కదా.

ఆ కబురు చెప్పిన మర్నాడు సద్దుల బతుకమ్మ. ప్రవళిక పూలు పేర్చే పనిలో ఉండగా ఫోన్ మోగింది. డబ్బు పడింది. పంపింది శైలేందర్. కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది: సకినాలు ఒక కిలో. ఆమెకు ముందు నవ్వు వచ్చింది. తర్వాత ఫోన్ చేసింది.

"ఏందిది? మస్కట్‌కు పంపాల్నా?"

"పంపకు. పంపితే ముక్కలైతయి. నేనే వచ్చి తీసుకుంట," అన్నాడు. ఆ వెంటనే, "జెర ఏరే పెట్టు," అన్నాడు.

వేరే పెట్టింది. అటక మీద స్టీలు డబ్బా ఒకటి అతనిది. సకినాలు నెలన్నర మించి నిలవవు, నూనె వాసన పడతాయి. అందుకని అలా అయ్యేలోపే డబ్బాలోవి తీసేసి తాజావి నింపుతుంది. తీసినవి పోచవ్వ చాయ్‌లో నానబెట్టుకుని తింటుంది. "ఈ కొడుకు పుణ్యమా అని నా పండ్లకు పని దొరికింది," అంటుంది. కొడుకు ఎప్పుడొస్తాడని మాత్రం అడగదు. కోడలు కాల్చిన ప్రతిసారీ మొదటి వాయ డబ్బాలోకే పోతుందని ఆమె చూస్తూనే ఉంది.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. ఈసారి ఎవరూ మెసేజ్ పంపకముందే ప్రవళిక కామారెడ్డి బస్సు ఎక్కింది. అనిల ఆఫీసులో అదే కుర్చీ. ఇద్దరూ ఏడాది అమ్మకాలన్నీ చూసుకున్నారు. నగదుగా వచ్చినవి విడిగా, ఆన్‌లైన్‌లో వచ్చినవి విడిగా. ప్రవళిక ఇప్పుడు చెప్పకుండానే విడదీసి తెచ్చింది. అనిల వేలు పైనుంచి కిందికి జారుతూ ఒక చోట ఆగింది.

"ఇవి మీ ఆయన పంపినయి గదా. ఇంటి ఖర్చుకా? అట్లయితే లెక్కల పట్టే పని లేదు."

"ఇంటికి కాదు మేడం. సకినాలకు."

"ఓ, ఆయన గూడ కొన్నడా!" అని నవ్వింది అనిల. "అయితే అమ్మకంల కలుపుత. సరుకు పంపినవా?"

"పంపలే. వచ్చి తీసుకుంటనన్నడు."

అనిల నవ్వు ఆగిపోయింది. తేదీ చూసింది. దసరా ముందుది. ప్రవళిక ఒళ్ళో సంచి పట్టీని బీడీ చుట్టినట్టు చుట్టి విప్పుతోంది.

"సరుకు చేతికి ఇయ్యకుంటే అది అమ్మకం కిందికి రాదక్కా," అంది అనిల చివరికి. "ఇప్పుడు రాయద్దు. ఆయన వచ్చి తీసుకున్న ఏడాది రాద్దాం."

ఆ ఒక్కటి పక్కన పెట్టి, మిగతావన్నీ కూడి రిటర్న్ దాఖలు చేసింది. ప్రవళిక సంచి భుజాన వేసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, అతను ఎప్పుడొస్తాడో అనిలకే తెలిసినట్టు, వెనక్కి తిరిగి అడిగింది.

"వచ్చే ఏడాది రాస్తమా మేడం?"